ఎర్రచెప్పుల గది

మా షెడ్డులో పని ఎప్పుడూ తూర్పు నుంచి పడమరకే నడుస్తుంది. పడమర నుంచి తూర్పుకు ఏదీ రాకూడదు. మనిషి రాకూడదు, గిన్నె రాకూడదు, చీపురు రాకూడదు. ఉషారాణి పెట్టిన కట్టుబాట్లు ఇంకా చాలా ఉన్నాయి గాని నా తలకెక్కింది ఇదొక్కటే. ఒకసారి తలకెక్కితే నేను దేన్నీ వదలను. నాగులు మొండోడని మార్కాపురంలో నన్ను ఎరిగినవాళ్ళందరూ అంటారు. అననీ.

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో, ఇళ్ళు అయిపోయినాక, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది ఆ షెడ్డు. ఒకప్పుడు అక్కడ బడిపిల్లల పలకలు కోసేవాళ్ళు. నేనూ కోసినాను. పగలు పలకలు కోసి, రాత్రి బడిలో అవే పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత ప్లాస్టిక్ పలకలు వచ్చినాయి. ఆ తర్వాత పలకలే అక్కర్లేకుండా పోయినాయి. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయినాయి. మనుషులు తలా ఒక దిక్కు పోయినారు. నేను పోలేదు. నన్ను పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. గేటు పక్క గదిలో ఒక మనిషి ఉంటే పైరేకులు ఎవరూ ఎత్తుకుపోరని యజమాని నన్ను ఉండనిచ్చినాడు. పొద్దున లేచి, ఇంత అన్నం వండుకొని, మళ్ళీ పడుకునేదాకా నోట్లోంచి ఒక్క మాటైనా బయటికి రాకుండా గడిచిపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి.

అట్లాంటప్పుడు ఉషారాణి వచ్చింది. ఊళ్ళో మెడికల్ షాపులో పనిచేస్తుంది ఆ అమ్మాయి. దెబ్బ తగిలిన పిల్లి వీధిలో కనపడితే సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చేది. ఇంట్లోవాళ్ళు పిల్లులతో పాటు తననూ బయటికి పంపేట్టు ఉన్నారని, తనలాంటివాళ్ళు ఇంకొందరిని కలుపుకొని యజమానిని అడిగి, షెడ్డును తీసుకున్నది. షెడ్డుతో పాటు నేనూ వాళ్ళ వంతుకు వచ్చినాను.

షెడ్డు రైలుపెట్టెలాగా పొడుగ్గా ఉంటుంది. నేలంతా పనికిరాని నల్ల పలకరాళ్ళు పరిచి ఉంటాయి. తూర్పు చివర మంచి గది. ఆరోగ్యంగా ఉండే పిల్లులు అందులో ఉంటాయి. దానికి వల తలుపు. మధ్యలో కొత్త గది. బయటి నుంచి తెచ్చిన పిల్లిని రెండు వారాలు అక్కడే ఉంచి చూడాలి. ఒంట్లో ఏదైనా దాక్కొని ఉంటే అప్పటికి బయటపడుతుంది. పడమర చివర రోగం పిల్లుల గది. అది పాతకాలం గోడౌను. కిటికీ లేదు, ఇనుప తలుపు. ఆ గది గడప దగ్గర రేకు తట్టలో బ్లీచింగు నీళ్ళు, పక్కనే ఒక జత ఎర్ర హవాయి చెప్పులు, మేకుకు ఒక పాత చొక్కా. ఆ చెప్పులు, ఆ చొక్కా ఆ గది దాటి రాకూడదు. ముందు మంచి గది పని చేసుకోవాలి. తర్వాత కొత్త గది. చివరికి ఎర్రచెప్పుల గది. అక్కడ పని అయినాక పడమటి తలుపు గుండా బయటికి పోయి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని, మళ్ళీ తెల్లారేదాకా తూర్పు మొహం చూడకూడదు. మరిచిపోకుండా, గదుల ముందు పొడుగునా ఉండే వసారా మధ్యలో సున్నంతో అడ్డంగా గీత గీసినాం.

ఇంత ఎందుకంటే, పిల్లులకు ఒక వైరస్ జబ్బు వస్తుంది. ఉషారాణి దాని ఇంగ్లీషు పేరు చెబుతుంది గాని నాకు నోరు తిరగదు. వాంతులు, నెత్తుటి విరేచనాలు. చిన్న కూనలైతే రెండు రోజులు కూడా ఆగవు. మనిషికి అంటదు. కాని మనిషి చేతి మీద, చెప్పు కింద, చీర కుచ్చిళ్ళలో కూర్చొని ఇంకో పిల్లి దగ్గరికి పోతుంది. నేల సందుల్లో ఏడాదైనా బతికే ఉంటుంది. ఫినాయిలుకు చావదు, బ్లీచింగుకే చస్తుంది.

పుష్పమ్మకు ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

పుష్పమ్మ మా పలకల షెడ్డులోనే కట్టలు కట్టే పని చేసేది. షెడ్డు మూతపడినాక కూలికి పోయేది. అటు మొగుడు లేడు, ఇటు బిడ్డలు లేరు. ఉషారాణి రాకముందు నుంచే షెడ్డు చుట్టూ తిరిగే పిల్లులకు ఇంత రాగి జావలో ఎండు చేప నలిపి కలిపి, వేలితో నోటికి అందించేది. ఉషారాణి వచ్చినాక పిల్లులకు అన్నం పెట్టే పని ఆమెకే ఇచ్చినాము. ఇచ్చినాక మొదలైంది గొడవ. పుష్పమ్మ చెప్పులు వేసుకోదు.

"అత్తా, ఆ ఎర్రచెప్పులు వేసుకొని పో" అని ఉషారాణి బతిమాలేది.

"చంటిబిడ్డల కాడికి ఎవురన్నా చెప్పులేసుకొని పోతారా పాపా? మీ ఇంట్ల ఉయ్యాల కాడికి అట్లనే పోతారా?"

"ఇది ఉయ్యాల కాదత్తా. ఇందులో వైరస్ ఉంది."

"అదేందో నాకు కనపడల్యా. ఆకలి కనపడతాంది."

"పోనీ ఆ తట్టలోనన్నా కాలు పెట్టు" అని నేను కేకలేసేవాణ్ణి.

"కాళ్ళ పగుళ్ళు భగ్గున మండుతాయన్నా. నువ్వు పెట్టుకో. నీది గాడిద తోలు."

అని తట్టను దాటి, వట్టి కాళ్ళతో లోపలికి పోయేది. ఏ పిల్లి ఏడిస్తే ఆ పిల్లి దగ్గరికి పోయేది. తూర్పు లేదు, పడమర లేదు. ఏడుపు ఎక్కడ వినపడితే అక్కడికి.

పోయిన ఏడు ఎండాకాలం, ఒకే వారంలో మంచి గది ఖాళీ అయిపోయింది. పిల్లులన్నింటినీ లోతు గుంట తీసి, సున్నమూ బ్లీచింగూ చల్లి పూడ్చినాము. ఇది ఎవరి తప్పూ కాదని ఉషారాణి అన్నది. పుష్పమ్మ మాత్రం రెండు చేతులూ ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకున్నది. "నా చేతిలో ఏముండాది పాపా? ఏం ల్యా గదా" అన్నది. ఆ తర్వాత కొద్ది రోజులకే, రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం జావ క్యాను పట్టుకొని వస్తూ మా గేటు బయట వడదెబ్బకు పడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపలే పోయింది. ఆమెను పూడ్చేటప్పుడు మేము నలుగురమే ఉన్నాం.

ఇది జరిగి ఏడాది తిరిగింది. మళ్ళీ రోహిణి కార్తె.

ఆరోజు పొద్దున ఉషారాణి ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. మంచి గదిలో ఉన్నవన్నీ ఈనాటికి సూది మందు వేయాల్సిన వయసుకు వచ్చిన కూనలు. ఊళ్ళో మందు దొరకలేదని తానే బస్సెక్కి పోయింది.

"తాతా, సూదులు దొరికినాయి. ఐసుపెట్టెలో పెట్టుకొని వస్తుండా. పొద్దుగూకేలోపల వస్తా."

"రా. నేనేడికి పోతా?"

"నల్లదాన్ని ముట్టుకున్నాక అటు పోవద్దు. గవ్వను ఎత్తుకోవద్దు."

"నువ్వు పుట్టకముందు నుంచి నేను చెప్పిన పని చెప్పినట్టు చేస్తుండా."

"అదే నా భయం తాతా. చెప్పందీ చేస్తావు" అని నవ్వి పెట్టేసింది.

గవ్వ అనేది మంచి గదిలో ఒక కూన. తెల్లటి ఒంటి మీద బూడిద చుక్కలు, గవ్వలాగా ఉంటుంది. పొద్దున నేను పోగానే నా పాదం మీద ఎక్కి కూర్చుంటుంది. నేను పని చేసుకోవాలంటే దాన్ని పాదంతో పాటు ఈడ్చుకుంటూ నడవాలి. ఆ కాసేపే నాకు రోజు మొత్తంలో నవ్వొచ్చేది. నల్లది అనేది ఎర్రచెప్పుల గదిలో ఉన్న కూన. కొనకనమిట్ల బస్టాండులో అట్టపెట్టెలో దొరికినవాటిలో మిగిలింది అదొక్కటే. నిన్నటి నుంచి తల ఎత్తడం లేదు. దానికి గ్లూకోజు నీళ్ళు చుక్క చుక్కగా పట్టాలి. సాయంత్రం దాకా ఆ రోగం ఇవతలికి రాకుండా కాచుకుంటే చాలు. సూదులు పడితే కూనలకు కొద్దిరోజుల్లో రక్ష వస్తుంది. మళ్ళీ పోయిన ఏటి గుంట తవ్వే బలం నా చేతుల్లో లేదు. అంతకన్నా, తవ్వినాక ఆ వల తలుపు ముందు నిలబడే బలం లేదు.

మధ్యాహ్నమైంది. కరెంటు పొద్దుననగా పోయింది. మోటరు లేదు. డ్రమ్ములో నీళ్ళు అడుగంటినాయి. బయట రోడ్డు మీద ఒక్క బండి లేదు. కాకి కూడా ఎక్కడో నీడలో నోరు తెరిచి కూర్చున్నది. దూరంగా నల్లమల కొండలు ఎండకు పొగలాగా కదులుతున్నాయి. పైరేకులు కాగి, ఉండుండి టప్పుమని పేలుతున్నాయి. నేను తడిగుడ్డ నెత్తిన వేసుకొని, పడమటి తలుపు తీసి లోపలికి పోయినాను.

ఆ ఎండలోంచి లోపలికి అడుగు పెడితే కొంతసేపు ఏమీ కనపడదు. కళ్ళ ముందు ఆకుపచ్చ మచ్చలు తిరుగుతాయి. రాత్రి చీకటి బయట ఉంటుంది, దానికి అలవాటు పడతాం. మధ్యాహ్నం చీకటి అట్లా కాదు. అది మన కళ్ళలోనే ఉంటుంది. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే.

చేత్తో తడుముకుంటూ చొక్కా మార్చుకున్నాను. ఎర్రచెప్పులు వేసుకున్నాను. తట్టలో అడుగు పెట్టి, దాటి, గదిలోకి పోయినాను. బ్లీచింగు ఘాటు, దాని కింద రోగం వాసన. తీపిగా, తుప్పు పట్టినట్టుగా ఉంటుంది అది. గది మూల అట్టపెట్టెలో నల్లది ఉంది. ముందు నేల శుభ్రం చేసుకుందామని, వాంతి అంటిన పాత పేపర్లు ఒక్కొక్కటే చేత్తో తీసి సంచిలో వేస్తున్నాను.

వెనక చప్పుడైంది.

చప్... చప్.

తట్టలోని నీళ్ళలో ఎవరో కాలు పెట్టి తీసిన చప్పుడు.

వంగినవాణ్ణి వంగినట్టే ఆగిపోయినాను. ఎలుకేమో అనుకున్నాను. పిల్లుల షెడ్డులో ఎలుక ఏంది? మెల్లగా తిరిగి చూసినాను. గడపలో ఎవరూ లేరు. తట్టలో నీళ్ళు మాత్రం ఇంకా ఊగుతున్నాయి.

వసారాలో పైరేకుల చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు నేల మీద పడి ఉన్నాయి. ఆ నల్లరాళ్ళ మీద, తట్ట నుంచి అవతలికి, తడి పాదాల గుర్తులు. వట్టి కాళ్ళ గుర్తులు. చిన్న పాదాలు. మడమల దగ్గర పగుళ్ళ గీతలు కూడా అచ్చుపడినాయి.

రోహిణి కార్తెలో ఆ రాళ్ళు పెనంలాగా కాలుతుంటాయి. నీళ్ళు ఒలికితే చూస్తుండగానే ఆరిపోతాయి. నా దగ్గరున్న గుర్తు అప్పుడే ఆరిపోయింది. దాని ముందుది అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటున్నది. దానికి ముందుది తడిగా మెరుస్తున్నది. అంటే ఆ నడిచేది ఇప్పుడు నడుస్తున్నది. నా కళ్ళ ముందు నడుస్తున్నది.

ఇంకొక గుర్తు పడింది. మనిషి లేదు. గుర్తు పడింది.

తూర్పుకు.

బతికున్నప్పుడు ఆ తట్టలో కాలు పెట్టలేదు ఆమె. ఇప్పుడు మంట లేదు కాబోలు.

నా కాళ్ళు వాటంతట అవే వెంట నడిచినాయి. పాదాల గుర్తులు ఒకటి తర్వాత ఒకటి పడుతూ, వెనకవి ఆరిపోతూ... కొత్త గది దాటినాయి. సున్నం గీత దాటినాయి.

గీత దగ్గర నేను ఆగిపోయినాను.

నా చేతుల నిండా రోగం ఉంది. ఒంటి మీద ఆ చొక్కా ఉంది. కాళ్ళకు ఆ చెప్పులు ఉన్నాయి. గీత దాటితే నేనే దాన్ని మోసుకుపోయినవాణ్ణి అవుతాను. కడుక్కుందామంటే డ్రమ్ములో చెంబెడు నీళ్ళు లేవు. చేతులు గాలిలో చాచి, ఎక్కడా తగలకుండా, ఆ గీత మీద ఎండుకట్టెలాగా నిలబడిపోయినాను.

తూర్పు చివర వల తలుపు గడియ కిర్రుమన్నది.

కూనలు ఒక్కసారిగా అరిచినాయి. భయపడిన అరుపు కాదు. అది నాకు తెలుసు. అన్నం గిన్నె కనపడినప్పుడు అరిచే అరుపు. అన్నింటికన్నా పైన గవ్వ గొంతు. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయినాయి. ఆ నిశ్శబ్దంలో చిన్న చప్పుడు. నాలుకల చప్పుడు. ఏదో నాకుతున్నాయి... ఎవరో వేలితో అందిస్తుంటే నాకుతున్నాయి.

"పుష్పమ్మా" అన్నాను. గుసగుసలాగా వచ్చింది. "పుష్పమ్మా... ఇటు రా."

నాలుకల చప్పుడు ఆగలేదు.

"పొద్దుననే పెట్టినాను వాటికి. ఆకలి లేదు. బయటికి రా తల్లీ."

"ఎంత ఆకలో అన్నా" అన్నది.

అది చెవికి వినపడిన మాట కాదు. రేకులు కాగినప్పుడు వచ్చే గాలిలాగా మొహానికి తగిలింది.

"పుష్పమ్మా, నీ చేతులు... కాళ్ళ సంగతి సరే, చేతులు కడుక్కోలేదు నువ్వు. ఆ చేతులతో పెట్టొద్దు."

తర్వాత వల తలుపు మీద, వెలుగు పడిన చోట, లోపలి నుంచి ఏదో ఆనింది. వల కన్నాల్లోంచి తడి బొట్లు బయటికి వచ్చినాయి. అయిదు వేళ్ళకు అయిదు బొట్లు. వేళ్ళు లేవు.

"చూడన్నా. ఏం ల్యా గదా."

పారిపోవాలనిపించింది. పడమటి తలుపు తెరిచే ఉంది. ఎండలోకి పోయి, రోడ్డెక్కి, ఊళ్ళోకి పోయి ఎవరినన్నా తీసుకొని రావచ్చు. వచ్చేసరికి ఆమె అన్నింటికీ తినిపించి ఉంటుంది. అరిచినా వినదు. బతికుండగా వినని మనిషి ఇప్పుడు వింటుందా? ఆమె వినేది ఒక్కటే.

ఏడుపు.

నల్లది ఏడవదు. దానికి గొంతు పోయి రెండు రోజులైంది.

నేను వెనక్కి తిరిగినాను. గదిలోకి పోయి, తలుపు పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాను. చీకటి. నోరు తెరిచినాను. రాలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా పైకి ఏడవనివాణ్ణి నేను. ఈ వయసులో, చీకట్లో, నేల మీద కూర్చొని... మళ్ళీ నోరు తెరిచినాను.

పిల్లికూనలాగా ఏడ్చినాను.

మొదట సన్నగా వచ్చింది, తుప్పు పట్టిన గేటులాగా. రెండోసారి ఇంకాస్త గట్టిగా. మూడోసారి అది నేను చేస్తున్న చప్పుడు కాదు. ఎప్పటి నుంచో లోపల ఉన్నదేదో దానంతట అదే వచ్చేసింది. ఆపుదామన్నా ఆగలేదు. తల్లి లేని కూన ఎట్లా ఏడుస్తుందో అట్లా ఏడ్చినాను.

తూర్పున నాలుకల చప్పుడు ఆగిపోయింది.

వల తలుపు కిర్రుమన్నది. గడియ పడింది.

నేను ఏడుస్తూనే ఉన్నాను. చెవులు మాత్రం వసారాలో ఉన్నాయి. అడుగుల చప్పుడు లేదు. ఏమీ లేదు... ఏమీ లేదు...

చప్. చప్.

గదిలో చీకటి బరువెక్కింది. ఎవరో లోపలికి వస్తే గడపలోని వెలుగు ఎట్లా తగ్గుతుందో అట్లా తగ్గింది. నేను కాలు చాచి ఇనుప తలుపును తన్నినాను. అది ధడాలున మూసుకున్నది. పాకుతూ పోయి, లోపలి గడియ పెట్టినాను. రెండుసార్లు జారిపోయింది. పడింది.

ఇప్పుడు లోపల ఆమె ఉన్నది. నేను ఉన్నాను.

నా పక్కనే కూర్చున్నది. కనపడలేదు. కాని పక్కన మనిషి కూర్చుంటే గోడ ఎట్లా మారుతుందో ఒంటరిగా ఉండేవాడికి తెలుస్తుంది. వాసన వచ్చింది. బ్లీచింగు కాదు, రోగం కాదు. చిన్నపిల్లలు పలక మీద ఉమ్మేసి అరచేత్తో తుడిస్తే వచ్చే వాసన. తడి పలక వాసన.

"ఏడవకన్నా" అన్నది.

నా ఒడిలో ఏదో పెట్టింది.

అరచేయంత బరువు. నాలుగు కాళ్ళతో నిలబడింది. ఒకసారి చుట్టూ తిరిగింది. సర్దుకొని పడుకున్నది. నల్లదాన్ని పెట్టెలోంచి తీసి పెట్టిందనుకున్నాను. నా చేతులు మోకాళ్ళ మీదనే ఉంచుకున్నాను. ముట్టుకోలేదు. దాని ఊపిరి నా పొట్టకు తగులుతున్నది. గురగురలాడుతున్నది.

"పట్టుకో. నాకు ఇంకా పని ఉండాది" అన్నది.

"లేదు" అన్నాను. "పని అయిపోయింది. కూర్చో పుష్పమ్మా. ఎన్నాళ్ళైంది మాట్లాడుకొని."

మాట్లాడటం మొదలుపెట్టినాను. ఆపితే లేచిపోతుందని భయం. పలకల షెడ్డులో మాతో పనిచేసినవాళ్ళందరి సంగతీ చెప్పినాను. మాలకొండయ్య గిద్దలూరులో కొడుకు టీకొట్టు దగ్గర కూర్చుంటాడని చెప్పినాను. రూతమ్మ చర్చిలో ఇప్పటికీ అందరికన్నా గట్టిగా పాడుతుందని, పాస్టరుగారే కొంచెం తగ్గించమని అన్నాడని చెప్పినాను. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకొని పోయినవాళ్ళ పేర్లు చెప్పినాను. ఏళ్ళ తరబడి నోట్లోనే ఉండిపోయిన మాటలు అవన్నీ. ఆమె కథకు ఊకొట్టినట్టు ఊకొడుతున్నది.

"ఊ."

చెప్పినాను.

"ఊ."

చెమట కళ్ళలోకి కారుతున్నది. నాలుక అంటుకుపోతున్నది. అయినా చెప్పినాను. ఎంతసేపో తెలియదు. చెబుతూ చెబుతూ ఒక చోట ఊపిరి తీసుకోవడానికి ఆగినాను.

"ఊ" అన్నది.

పక్క నుంచి కాదు.

కింద నుంచి. నా ఒడిలోంచి.

నా వెన్ను గోడకు అతుక్కుపోయింది. పక్కన ఎవరూ లేరు. గోడ మళ్ళీ ఒంటరి గోడ అయింది. తడి పలక వాసన లేదు. ఒడిలో బరువు మాత్రం ఉంది. గురగురలాడుతున్నది. నేను మాట ఆపినందుకు కాబోలు, గోళ్ళు కొంచెం పంచెలోకి దించింది.

మళ్ళీ చెప్పడం మొదలుపెట్టినాను.

ఉషారాణి స్కూటీ చప్పుడు వినేసరికి నా గొంతు దాదాపు పోయింది. "తాతా! తాతా!" అని పడమటి తలుపు దగ్గర నుంచి అరుస్తున్నది. ఉన్న బలమంతా కూడదీసుకొని లోపలి నుంచి కేకవేసినాను.

"ఇటు రావద్దు! ముందు వాటి గిన్నెలు పారెయ్. నేల కడుగు. ఒక్కోదాని మూతి తుడిచి సూదులెయ్యి. నా దగ్గరికి ఆఖర్న రా!"

"నువ్వు లోపల ఎందుకున్నావు? ఎండ దెబ్బ తగిలిందా ఏంది?"

"చెప్పింది చెయ్యి పాపా!"

చేసింది. మొండివాడితో మాట్లాడి లాభం లేదని ఆమెకు తెలుసు. తోడుకు ఎవరినో పిలిచి నీళ్ళు తెప్పించింది. అన్నీ కడిగించింది. అన్నింటికీ సూదులు వేసింది. తర్వాత గ్లవ్సులు తొడుక్కొని, టార్చి పట్టుకొని, ఇనుప తలుపు ముందుకు వచ్చి నిలబడింది. నేను కూర్చున్న చోట నుంచే చేయి చాచి గడియ తీసినాను. టార్చి వెలుగు నా మొహం మీద పడింది. తర్వాత నా ఒడి మీదికి దిగింది.

"తాతా... ఏం పట్టుకొని కూర్చున్నావు?"

నా రెండు చేతులూ ఒడి చుట్టూ ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. మధ్యలో ఏమీ లేదు. పంచె మాత్రం ఒక చోట గుంటపడి ఉంది. చూస్తుండగా ఆ గుంట కొంచెం కదిలింది.

"నల్లది" అన్నాను. "నల్లది నా దగ్గరే ఉంది."

ఉషారాణి అట్టపెట్టె దగ్గరికి పోయి వెలుగు వేసింది. వంగి చూసింది. తర్వాత మెల్లగా అన్నది.

"ఇది పొద్దుననే పోయింటది తాతా. చీమలు పట్టినాయి."

ఆ రాత్రే నల్లదాన్ని సున్నం వేసి పూడ్చినాము. మంచి గదిలో ఆ మధ్యాహ్నం ఎవరూ ఏమీ పెట్టిన గుర్తు లేదని, గిన్నెలన్నీ పొడిగానే ఉన్నాయని, గడియ వేసినట్టే ఉందని ఉషారాణి చెప్పింది. నేను వాదించలేదు. రెండు వారాలు ఊపిరి బిగబట్టి కాచుకున్నాము. ఒక్క కూనకూ ఏమీ కాలేదు. అన్నీ తిన్నాయి, ఆడినాయి, తన్నుకున్నాయి. గవ్వను కనిగిరిలో ఒక టీచరమ్మ పెంచుకుంటానని బుట్టలో పెట్టుకొని తీసుకుపోయింది. నేను గేటు అవతల, రోడ్డు మీద నిలబడి చూసినాను. దగ్గరికి పోలేదు. బుట్ట సందులోంచి అది ఒక కాలు బయటికి చాపింది.

"ఇంకేం భయం తాతా? గది కడిగినాం, సున్నం కొట్టినాం, కొత్త కూనలు వచ్చినాయి. నువ్వు గీత దాటి ఇటు రాకపోతే ఎట్ల? మొండితనం కాకుంటే!" అంటుంది ఉషారాణి.

"మొండితనమే అనుకో" అంటాను.

పడమర పని అంతా నాదే. తూర్పు పనికి ఇంకెవరినో పెట్టుకున్నారు. నేను గీత దాటను. దాటితే, ఆరోజు పుష్పమ్మ నా ఒడిలో పెట్టి పోయినదీ నాతో పాటు దాటుతుంది. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఎక్కడున్నా నా కాళ్ళు కూర్చోమంటాయి. కూర్చోగానే ఒడిలో బరువు పడుతుంది. ఒకసారి చుట్టూ తిరిగి, సర్దుకొని పడుకుంటుంది. నేను మాట్లాడుతుంటాను. అది ఊకొడుతుంటుంది. నిజం చెప్పాలంటే, ఒక్కోరోజు దాని కోసం పెందలాడే పోయి కూర్చుంటాను.

ఆరోజు అది నా అరచేయంత ఉండేది. ఇప్పుడు రెండు తొడలూ చాలడం లేదు. నిన్న దాని తల వచ్చి నా గడ్డం కింద ఆనింది.